నిండు చెరువులో వలస పక్షికి చోటెక్కడ?

చలికాలం మొదలవగానే పేపర్లో ఏటా ఒక వార్త కనిపిస్తుంది. చెరువు నిండింది, సైబీరియా నుంచి పక్షులు వచ్చేశాయి అని. పక్కనే ఫోటోలో ఎర్రకాళ్ల కొంగలో, గూడబాతులో ఉంటాయి. పక్షుల గురించి నాలుగు ముక్కలు అచ్చయినందుకు నాకు సంతోషమే. కానీ ఆ వార్తలోని రెండు మాటలూ సరికావు. ఎర్రకాళ్ల కొంగ, గూడబాతు మన దేశపు పక్షులే. ఉప్పలపాడులో, వీరాపురంలో, తేలినీలాపురంలో, నేలపట్టులో చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతున్నవి అవే. సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షి చలికాలం గడపడానికి ఇక్కడికి వస్తుంది గానీ ఇక్కడ మళ్లీ గూడు కట్టదు. ఎక్కడైనా గూడు కనబడిందంటే అది మన పక్షేనని తేల్చుకోవచ్చు.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. నిజంగా దూరదేశాల నుంచి వచ్చే పక్షుల్లో చాలా రకాలకు నిండు చెరువుతో పనిలేదు. వాటికి కావాల్సింది నీళ్లు మెల్లగా దిగుతున్న చెరువు. ఈ సంగతి తెలియక, మంచి చేస్తున్నామన్న నమ్మకంతోనే, మన చెరువుల్లో వాటి చోటును మనమే పూడ్చేస్తున్నాం.

నేను ఎక్కువగా తిరిగేది సంగారెడ్డి జిల్లాలో. మంజీర మీద కట్టిన సింగూరు, దాని కింద మంజీర బ్యారేజీ, చుట్టుపక్కల ఊరి చెరువులు, వాటి వెంట ఉన్న శనగ చేలు, జొన్న చేలు. సింగూరు నిండితే దాదాపు 30 టీఎంసీలు. డ్యామ్ దగ్గర నిలబడితే నీళ్లు సముద్రంలా కనిపిస్తాయి, పక్షులు మాత్రం అక్కడ తక్కువ. రాయికోడ్, మనూర్ వైపు వెనుక జలాలకు వెళ్లాలి. అక్కడ నేల చదును. నీటిమట్టం కొంచెం తగ్గినా ఒడ్డు చాలా దూరం వెనక్కి పోతుంది. నల్లరేగడి బురద, ఖాళీ నత్తగుల్లలు, వాడిన నీటిమొక్కలు, వాటి మధ్య అక్కడక్కడా పశువుల గిట్టల గుంతల్లో నిలిచిన నీళ్లు. చూసేవాళ్లకు అది పాడుబడిన చోటులా ఉంటుంది.

జనవరిలో ఒక పొద్దున ఎండను వీపు వైపు పెట్టుకుని ఆ బురద అంచును దుర్భిణితో కాసేపు గమనించండి. తడి ఆరీ ఆరని చోట లిటిల్ స్టింట్లు పరుగెడుతుంటాయి. ఒక్కోటి పిచ్చుకంత, పాతిక గ్రాములకు అటూ ఇటూ. ఉత్తర ధ్రువ ప్రాంతపు అంచున, సైబీరియా టండ్రాలో పుట్టిన పక్షి అది. పేపర్లో ఫోటో పడాల్సిన అసలు సైబీరియా పక్షి ఇదే, కానీ మట్టి రంగులో మట్టి మీద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. ముక్కు కుట్టుమిషన్ సూదిలా బురదలో దిగి లేస్తూనే ఉంటుంది. దాని కాళ్లు పొట్టివి. నీళ్లు రెండు మూడు సెంటీమీటర్లు దాటితే దానికి మేత లేదు. ఇంకో అడుగు లోపలికి, మడమ లోతు నీళ్లలో, తోక ఎగరేస్తూ ఉడ్ శాండ్‌పైపర్లు తిరుగుతుంటాయి. ఇంకొంచెం లోపల పొడుగు కాళ్ల గాడ్విట్లు. వాటి ముక్కు నాలుగంగుళాలు ఉంటుంది, మొహం దాకా నీళ్లలో ముంచి అడుగు బురదను వెతుకుతాయి. తెడ్డుమూతి కొంగలు ముక్కును అటూ ఇటూ ఊపుతూ నడిచేది కూడా ఆ లోతులోనే. ఆ తర్వాత సూదితోక బాతులు, తల కిందికీ తోక పైకీ పెట్టి, మెడ ఎంత దూరం అందితే అంత లోతులో మేస్తాయి. అంతకంటే లోతైన చోట మునిగి మేసే బొల్లికోళ్లు, పోచార్డ్ బాతులు. మడమ నుంచి మోకాలి లోతు లోపలే ఇన్ని రకాల బతుకులు పక్కపక్కన నడుస్తాయి. ఒక్క అడుగు నీళ్లు పెంచితే ముందు వరుసలన్నీ పోతాయి. మిగిలేవి బొల్లికోళ్లు, నీటికాకులు.

ఇంకో సంగతి ఉంది. ఆ అంచు రోజూ కదులుతుంటుంది. నిన్నటి అంచు ఇవాళ ఆరిపోతుంది, ఇవాళ కొత్త బురద బయటపడుతుంది. అందులోని పురుగుల లార్వాలు, చిన్న నత్తలు, వానపాముల జాతి జీవులు ఆరిపోకముందే పక్షికి దొరుకుతాయి. నవంబరు నుంచి మార్చి దాకా నీళ్లు దిగుతున్నంత కాలం రోజుకో కొత్త వరుస వడ్డన. దక్కన్ చెరువుల నడక మొదటి నుంచీ ఇదే. వానకు నిండడం, చలికాలమంతా పొలాలకు వదలడం, ఎండాకాలానికి అడుగంటడం. పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన కాకతీయుల కాలం నుంచి మన సాగు నడిచిన లెక్క ఇది. వలస పక్షుల క్యాలెండర్ ఈ లెక్కకు సరిగ్గా కుదిరింది.

ఇప్పుడు ఆ లెక్క మారుతోంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువులను గుర్తించి పూడిక తీయించే పని పెట్టుకున్నారు. పూడిక తీయడం మంచిదే, అది కావాల్సిన పనే. రైతుకు నీళ్లు అందడం నాకు పక్షికంటే తక్కువ విషయం కాదు. నాకున్న అభ్యంతరం దానికి తోడు వచ్చిన సుందరీకరణతో. నియోజకవర్గానికో మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. కట్ట మీద లైట్లు, బెంచీలు పెట్టి, బతుకమ్మ ఘాట్ కట్టినంత వరకు ఎవరికీ నష్టం లేదు. కట్ట వైపు లోతు ఎక్కువ, అక్కడ బురద అంచు ఉండదు. కానీ ఊళ్లు, పట్టణాలు పెరిగిన చోట ఆ కట్టను చెరువు చుట్టూ తిప్పేస్తున్నారు. రింగ్‌బండ్ వేసి, లోపలి వాలుకు రాయి పరిచి, పైన వాకింగ్ ట్రాక్. కట్టకు ఎదురుగా ఉండే లోతు తక్కువ వైపు, అంటే శిఖం వైపు, నీళ్లు మడమ లోతులో పరుచుకునే చోటంతా ఆ బండ్ కిందికో, బండ్ అవతలికో పోతుంది. చెరువు గిన్నె అయిపోతుంది. నీళ్లు ఎంత తగ్గినా రాయే కనిపిస్తుంది తప్ప బురద బయటపడదు.

అలాంటి చెరువు గూగుల్ మ్యాప్‌లో చక్కగా ఉంటుంది, సాయంత్రం నడవడానికి హాయిగా ఉంటుంది. కబ్జా నుంచి కాపాడాలంటే కంచె, బండ్ తప్పవని అధికారులు చెప్పే మాటలో బలం ఉంది. హైదరాబాద్ చుట్టూ ఎన్ని చెరువులు ప్లాట్లయ్యాయో చూసినవాళ్లు ఆ వాదనను తేలిగ్గా తీసెయ్యలేరు. నేను అడిగేది ఒక్కటే. హద్దు రాళ్లు ఎఫ్‌టీఎల్ గీత మీద, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు మీద పాతండి, కంచె అక్కడ వేయండి. బండ్‌ను మాత్రం నీళ్ల లోపలికి దింపకండి. కబ్జాను ఆపడానికి శిఖాన్ని పూడిస్తే కబ్జాదారు చేయాల్సిన పనిని మనమే ప్రభుత్వ ఖర్చుతో చేసినట్టు.

చట్టం కాపాడదా అని అడుగుతారు. కాపాడదు. 2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ నియమాలు తీసి నిర్వచనం చదవండి. వరిపొలాలు అందులోకి రావు. తాగునీటి కోసం మనిషి కట్టిన చెరువులు రావు. సాగునీటి కోసం కట్టినవీ రావు. తెలంగాణలో పక్షి వాలే నీటి వనరుల్లో ఇవి తీసేస్తే మిగిలేదెంత? ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టినవి. నిజాంసాగర్ 1931లో వచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకు తిరిగిన 1931-32 నాటికి అవన్నీ కొత్త నీళ్లే. మనిషి కట్టాడా, దేవుడు కట్టాడా అని పక్షి చూడలేదు. నీళ్లు, బురద, మేత చూసింది. నిర్వచనం రాసినవాళ్లు మాత్రం కట్టినవాడెవడని చూశారు. దక్కన్‌లో సహజ సరస్సులు లేవన్నంత తక్కువ, మన చిత్తడి నేలలన్నీ మన తాతముత్తాతలు కట్టినవే. ఆ నిర్వచనం మన ప్రాంతానికి అన్యాయం చేసింది. దాన్ని మార్చమని అడగాల్సింది ముందు మనమే.

మార్చేదాకా ఇంకో దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలతో మాట్లాడి ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించవచ్చు. మనిషి కట్టిన చెరువైనా సరే. అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో ఆ హోదా వచ్చింది, దేశంలో ఒక పట్టణ చెరువుకు రావడం అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు కమ్ముకొస్తున్న చోట ఆ హోదా ఒక్కటే అన్నీ ఆపుతుందని నేననను. కానీ పంచాయతీ తీర్మానంతో మొదలయ్యే దారి కాబట్టి సింగూరు వెనుక జలాల ఊళ్లకు అది అందుబాటులో ఉంది.

పొలాల సంగతికి వస్తాను. చెరువు అంచు సగం, పొలం మిగతా సగం. యాసంగి నాట్లకు డిసెంబరు, జనవరిలో ట్రాక్టర్ కేజ్‌వీల్స్‌తో దమ్ము చేస్తున్నప్పుడు వెనకాలే తెల్లకొంగలు, వాటి వెనకాల తోకలాడించే జిట్టంగులు నడుస్తాయి. ఆ పసుపుపచ్చ జిట్టంగులు మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వచ్చినవి. చెరువు అంచులో చోటు పోయిన శాండ్‌పైపర్లకు కూడా దమ్ము చేసిన మడి కొన్నాళ్లు ఆదుకుంటుంది. గుళికల మందు చల్లాక ఆ బురదలో వాటికి తినడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మెట్ట పొలాల మీద చలికాలపు అసలు అందం పిల్లిగద్దలు. రెక్కలు కొద్దిగా పైకెత్తి, జొన్న కంకులకు తగులుతాయా అన్నంత కిందుగా, ఊగుతూ సాగుతాయి. మొహం గుడ్లగూబ మొహంలా గుండ్రంగా ఉంటుంది, చప్పుడు విని వేటాడటానికి. కజకిస్తాన్, రష్యా గడ్డిమైదానాల నుంచి వస్తాయి. ఇక్కడ మిడతలు, ఎలుకలు, చిన్న పిట్టలు తింటాయి. పొద్దుగూకితే చెట్టెక్కవు. ఎత్తయిన గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. పగలు చేను, రాత్రి గడ్డిబీడు, రెండూ ఉంటేనే పిల్లిగద్ద ఉంటుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడ్డ రోళ్లపాడు అభయారణ్యం గడ్డిలో పెద్ద పెద్ద గుంపులు రాత్రి దిగేవి. మన దగ్గర ఊరుమ్మడి గైరాన్ భూములు ఆ పని చేసేవి. రికార్డుల్లో బంజరని ఉంటుంది కాబట్టి ముందు కేటాయించేది వాటినే. గడ్డి పెరిగే నేలను పనికిరాని నేలగా రాయడం ఆపకపోతే ఏ అభయారణ్యమూ పిల్లిగద్దను నిలబెట్టలేదు.

జొన్న తగ్గి పత్తి పెరగడం వల్ల గులాబీ గోరింకల గుంపులు కూడా పలచబడ్డాయని పాతవాళ్లు చెబుతారు. ఒకప్పుడు మంచె మీద నిలబడి వడిసెలతో తోలేవాళ్లు. వాటి వల్ల రైతుకు నష్టం లేదని నేననను, జొన్న కంకి మీద వాలితే ఉంటుంది. అవే గోరింకలు మిడతలను, గొంగళిపురుగులను కూడా తింటాయి. మిగతా సంగతి పురుగుమందుల కొట్టు బిల్లు చెబుతుంది.

రైతు నష్టం గురించి మాట్లాడకుండా పక్షుల గురించి మాట్లాడటం నాకు నచ్చదు. సింగూరు వైపు శీతాకాలంలో పట్టెతల బాతులు వస్తాయి. తెల్లటి తల మీద రెండు నల్ల పట్టెలు, లేత బూడిద రంగు ఒళ్లు. మంగోలియా, టిబెట్ పీఠభూముల్లో పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి వస్తాయి. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు ట్యాగ్ కట్టిన పక్షుల నుంచి తేలింది. గాలి చిక్కగా, చల్లగా ఉండే రాత్రి, వేకువ వేళల్లో దాటుతాయి. ఇంత కష్టపడి వచ్చిన పక్షి పగలు నీళ్ల మధ్య సేదతీరి, చీకటి పడ్డాక మేతకు శనగ చేలో దిగుతుంది. ఒక రైతు పెద్దాయనను అడిగాను, చేను ఏం చేస్తాయి అని. లేత శనగ మొక్కను చేతిలోకి తీసుకుని చూపించాడు. కొనలు కత్తెరతో కోసినట్టు తెగి ఉన్నాయి.

"పందుల లెక్క యేర్లు పెకిలియ్యయి సారూ. కొసలు కొరుకుతయి, మళ్ల సిగుర్లు పెడ్తది. మేం గూడ కూరకు తెంపుతం గద. కని తడి భూమిల మంద దిగితే తొక్కుడే ఎక్కువ."

కాసేపాగి అడిగాడు: "నష్టమైతే రాసుకునేటోడెవ్వడు?"

ఆయన చెప్పింది నిజం. శనగ కొనలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయని సాగు తెలిసినవాళ్లంతా తుంచుతారు. తుంచిన చేతివేళ్లకు ఆకు పులుపు అంటుకుంటుంది. కానీ మంద మొత్తం ఒకే చేలో రోజూ దిగితే అది తుంచడం కాదు, మేసెయ్యడమే. అలాంటి చోట పరిహారం ఇవ్వాలి. ఆయన ప్రశ్నకు జవాబివ్వకుండా "పక్షులను కాపాడండి" అని ఊరిలో బోర్డు పెట్టడం ఆయన ఖర్చు మీద మనం ముచ్చటపడటమే.

ఆ బాతులను బెదరగొట్టేది ఎక్కువగా రైతు కాదు. పట్నం నుంచి కెమెరాలతో వచ్చేవాళ్లు. నేల మీద ఉన్న బాతు ఫోటో చాలదు, ఎగిరే గుంపు కావాలి. కారు నడిపి, చప్పట్లు కొట్టి, కొందరైతే డ్రోన్ పంపి లేపుతారు. పగలు నిద్రపోయి రాత్రి మేసే పక్షిని పొద్దంతా లేపితే తిన్నదంతా ఎగరడానికే ఖర్చవుతుంది. మార్చిలో మళ్లీ హిమాలయాలు దాటాల్సిన కొవ్వు అది. కెమెరా ఉన్న ప్రతివాడూ ఇలా చేయడు. చేసేవాడి ఫోటోకు లైక్ కొట్టకపోవడం మన చేతిలో ఉంది.

కృష్ణా, గోదావరి డెల్టా మధ్య కొల్లేరు కూడా ఇదే కథను పెద్ద ఎత్తున చెబుతుంది. మనిషి కట్టని సరస్సు కాబట్టి చట్టం ఉంది. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. గట్లు మళ్లీ లేచాయి. చేపల చెరువులో నీళ్లుంటాయి, ఏడాది పొడవునా నిండుగా ఉంటాయి. వాలు నిటారు కాబట్టి అంచుండదు. పట్టుబడి కోసం నీళ్లు తోడేసిన కొద్ది రోజులు పరజలు, గాడ్విట్లు, కొంగలు విరగబడతాయి. అక్కడ కూడా పక్షిని పిలిచింది నీళ్లు దిగడమే.

అంతెందుకు, నీళ్లు దిగాక తేలే మట్టి దిబ్బలు చలికాలంతో అయిపోవు. మార్చి నుంచి మే దాకా నది రేవుపిట్టలు, అదే రివర్ టెర్న్‌లు, సింగూరు లాంటి జలాశయాల దిబ్బల మీద ఉత్త నేల మీదే గుడ్లు పెడతాయి. వాటి సంఖ్య ప్రపంచవ్యాప్తంగా తగ్గుతోంది. ఆ నెలల్లో పై నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలితే ఆ ఏటి గుడ్లన్నీ పోతాయి. ఇంజినీర్లతో మాట్లాడినప్పుడు నాకనిపించిందేమిటంటే, వాళ్లకు పట్టింపు లేక కాదు, ఈ సంగతి వాళ్ల దాకా ఎవరూ తీసుకెళ్లలేదు. దిబ్బ ఎంత మట్టానికి మునుగుతుందో చెప్పగలిగితే, వదిలే నీటిని రెండు మూడు వారాలు అటూ ఇటూ జరపడం కొన్ని ఏళ్లలోనైనా సాధ్యమే.

మరి మన దగ్గర ఆ లెక్క ఉందా? ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. 1980 నుంచి హైదరాబాద్‌లో పక్షి ప్రేమికుల సంఘం ఉంది. చూసిన పక్షులను ఎవరైనా నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో వేల జాబితాలు చేరుతున్నాయి. ఏ పక్షి ఎన్ని అని అందులో దొరుకుతుంది. ఆ రోజు చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయి, ఎంత బురద బయట ఉంది అన్నది చాలా జాబితాల్లో ఉండదు. ఈ ఏడాది వందల స్టింట్లు ఉండి వచ్చే ఏడాది పది ఉంటే, పక్షులు తగ్గాయా, నీళ్లు పెరిగాయా చెప్పలేం.

కాబట్టి ఈ జనవరిలో మీ ఊరి చెరువుకు పోయేవాళ్లకు ఒక మనవి. తూము దగ్గరో, అలుగు దగ్గరో గేజీ ఉంటే దాని మీద అంకె చూసి రాయండి. లేకపోతే మెట్లు లెక్కపెట్టండి, ఒకే రాయి పక్కన నిలబడి ఏటా ఒకే వైపు ఫోటో తీయండి. శిఖం వైపు నీటి అంచు నుంచి ఆరిన నేల దాకా ఎన్ని అడుగుల బురద ఉందో అంచనాగా వేయండి. ఈబర్డ్ జాబితా కింద వ్యాఖ్యల గడిలో అది రెండు వాక్యాల్లో చేర్చండి. చుట్టూ రాయి పరిచారా, పరిస్తే ఏ వైపు, అది కూడా. రింగ్‌బండ్ పనికి టెండర్ పిలిచిన రోజున ఇరిగేషన్ ఆఫీసులో టేబుల్ మీద పెట్టడానికి మన దగ్గర ఉండాల్సిన కాగితం అదే.